నత్తకు పెట్టిన కన్ను

వంటగది గుమ్మం వెడల్పు ఇరవై నాలుగు అంగుళాలు. చక్రాల కుర్చీ వెడల్పు ఇరవై ఆరు. ఆ రెండంగుళాల తేడా వల్ల మెకానిక్ తన సొంత ఇంట్లోనే ఒక గదిలో అడుగుపెట్టి పదకొండు నెలలైంది.

అతను లిఫ్టు మెకానిక్. ఇరవై రెండేళ్ళు అదే పని. ఒకరోజు ఆరంతస్తుల భవనంలో లిఫ్టు గుంతలోకి దిగుతుంటే నిచ్చెన జారింది. వెల్లకిలా పడ్డాడు. నడుము దగ్గర రెండు పూసలు నలిగాయి. ప్రాణానికీ చేతులకీ ఏమీ కాలేదు గానీ, కాళ్ళు మాత్రం అతని మాట వినడం మానేశాయి. అప్పటినుంచి ముందుగదిలో కిటికీ పక్కన మంచం, మంచాన్ని ఆనుకుని ఒక బల్ల, దాని పక్కన చక్రాల కుర్చీ. మంచం మీంచి కుర్చీలోకి మారాలంటే భార్య వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాలి. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పద్నాలుగేళ్ళు పనిచేసింది. అతను పడిన వారానికే ఆ పని మానుకుంది.

నెలకు రెండుసార్లు ఫిజియోథెరపిస్టు వచ్చేది. ఎవరి సాయం లేకుండా కుర్చీలోకి జారడానికి ఆవిడ ఒక నున్నటి చెక్క పలక ఇచ్చింది. పలక ఒక చివర మంచం మీద, రెండో చివర కుర్చీ మీద వేసి, చేతుల బలంతో కొంచెం కొంచెంగా జరగాలి. అతను రెండుసార్లు ప్రయత్నించాడు. రెండోసారి పక్కకి ఒరిగి నేల మీద పడ్డాడు. ఆ తర్వాత పలకని మంచం కిందకి నెట్టేశాడు. "నా వల్ల కాదు" అన్నాడు. భార్య మామూలుగానే చంకల కింద చేతులు వేసి లేపింది.

చేతులు ఊరికే ఉండవు కదా. బామ్మరిదికి పాత రేడియోలూ ఫోన్లూ బాగుచేసే చిన్న దుకాణం ఉంది. అతను ఒకరోజు పనిచెయ్యని బొమ్మకారు పట్టుకొచ్చాడు.

"బావా, ఇది చచ్చిన బండి. ఊపిరి పోస్తావో, పోస్టుమార్టం చేస్తావో నీ ఇష్టం."

మెకానిక్ రెండూ చేశాడు. మూడు నెలల్లో ఆ కారు చెప్పులపెట్టె మూతంత బల్లపరుపు బండిగా మారింది. రెండు పక్కలా రెండు మోటార్లు, వెనక ఎటుపడితే అటు తిరిగే ఒక చిన్న చక్రం, మధ్యలో సర్క్యూట్ బోర్డు, దాని కింద బ్యాటరీ. ఫోన్ మీద వేలు ఎటు జరిపితే అటు వెళ్ళేది. ముందుగది లోంచి వంటగదికి వెళ్తే భార్య దాని మీద మాత్రలో, మంచినీళ్ళ సీసానో పెట్టి పంపేది. దాని నడక చూసి ఆమే పేరు పెట్టింది, నత్త అని.

ఒకటే చిక్కు. వంటగది గుమ్మం దాటాక బండి ఎటు పోతోందో మంచం మీంచి కనిపించేది కాదు. గ్యాస్ సిలిండర్ వెనక్కి దూరి గింజుకునేది. అతను ఇక్కణ్ణుంచి కేక పెట్టేవాడు.

"ఇదిగో! ఏమైందో చూడు దానికి!"

ఆమె చేస్తున్న పని వదిలేసి కాలి బొటనవేలితో దాన్ని ఇవతలకి తోసేది. "నాకు పని తగ్గించడానికి చేశారా, పెంచడానికి చేశారా?" అని నవ్వేది.

అందుకే దానికి కన్ను పెట్టాలనుకున్నాడు.

బామ్మరిది తెచ్చిన కెమెరా బొటనవేలి గోరంత ఉంది. దాన్నుంచి గోధుమరంగు పట్టీలాంటి కేబుల్ ఒకటి, సిగరెట్ కాగితం మందాన. దాన్ని బోర్డు మీదున్న సన్నటి నల్ల గొళ్ళెం కిందకి దూర్చి, గొళ్ళెం నొక్కాలి. పెద్ద పెద్ద ఇనుప తాళ్ళు బిగించిన చేతులకి ఆ గొళ్ళెం చుక్కలు చూపించింది. మొదటిసారి పట్టీ తిరగేసి పెట్టాడు, బొమ్మ రాలేదు. రెండోసారి సరిగ్గా పెడితే బొమ్మ వచ్చింది గానీ, మోటార్లు కదలగానే మాయమైంది. మూడు రోజులు తల పట్టుకున్నాక అర్థమైంది. మోటార్లు కదిలే క్షణంలో కరెంటంతా అవే లాగేసుకుంటున్నాయి, కెమెరా సొమ్మసిల్లి పడిపోతోంది. దానికి విడిగా ఇంకో చిన్న బ్యాటరీ పెట్టాడు. అట్టముక్క మడిచి కింద దోపి, కెమెరా కొంచెం పైకి చూసేలా అంటించాడు.

ఆ మూడు రోజుల్లో ఒకసారి భార్య టీ ఇవ్వడానికి వచ్చి బండి మీదకి వంగి చూసింది.

"ఏంటిది?"

"దానికి కన్ను. దార్లో అడ్డం ఏదైనా ఉంటే తెలుస్తుంది."

"ఓహో" అందామె.

బొమ్మ ఫోన్లోకి వస్తుందని అతను చెప్పలేదు. దాయాలని కాదు. బాగా పనిచేశాక ఒక్కసారిగా చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు బండి బయల్దేరింది. ఫోన్లో తన ఇల్లే కొంచెం మసగ్గా, వింతగా కనిపించింది. నేల పెద్ద మైదానంలా ఉంది. కుర్చీ కాళ్ళు స్తంభాల్లా రెండు పక్కలా దాటిపోయాయి. గుమ్మం చెక్క వచ్చింది, వెళ్ళింది. అంతే, వంటగది! పదకొండు నెలల తర్వాత వంటగది! అతనికి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాలనిపించింది. ఆ పాత నీలం బకెట్టు అక్కడే ఉంది. డబ్బాల అర ఎడమ గోడ నుంచి కుడి గోడకి మారింది. ఎప్పుడు మార్చింది? ఎవరు పట్టారు సాయం?

బండిని కొంచెం పక్కకి తిప్పాడు. భార్య కనిపించింది.

సిలిండర్‌కీ గోడకీ మధ్య పొట్టి పీట మీద కూర్చుని ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు. చేతిలో ఏమీ లేదు. ఎదురుగా ఉన్న గోడని చూస్తోంది. గోడ మీద కూడా ఏమీ లేదు. అంత ఖాళీగా ఉన్న ఆ మొహాన్ని అతను పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు.

ఆటపట్టిద్దామన్న ఉత్సాహం అప్పటికింకా పూర్తిగా దిగలేదు. నోరు ముందు కదిలింది.

"ఇదిగో! కాస్త టీ పెడతావా?"

"వస్తున్నా!" వంటగదిలోంచి గొంతు హుషారుగా వచ్చింది.

కెమెరా బొమ్మ అర సెకను ఆలస్యంగా వస్తుంది. గొంతు చెవిన పడ్డాక, ఫోన్లో ఆమె కళ్ళు మూసుకోవడం కనిపించింది. ఆ తర్వాత పెదాలు "వస్తున్నా" అని కదిలాయి. ఆ హుషారు మొహంలో ఎక్కడా లేదు. గట్టు మీద చెయ్యి ఆనించి లేవబోయింది, లేవలేకపోయింది. రెండోసారి లేచింది. తువ్వాలుతో మొహం తుడుచుకుంది. గుమ్మం దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగి, నవ్వు తెచ్చి పెట్టుకుంది.

ఆ నవ్వుతోనే ముందుగదిలోకి వచ్చింది. పదకొండు నెలలుగా అతను చూస్తున్నది ఆ నవ్వే.

"మీ నత్త ఇవాళ ఎక్కడా తట్టుకోలేదే! చక్కగా వచ్చింది."

"ఆఁ... బానే వచ్చింది."

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేకపోయాడు. ఫోన్ బోర్లా తిప్పి దుప్పటి మీద పెట్టాడు.

ఆ రోజు మిగిలిన పొద్దంతా ఆమెని ఎన్నిసార్లు పిలుస్తున్నాడో పేపరు అంచున గీతలు గీశాడు. మధ్యాహ్నం నుంచి పడుకునే దాకా పంతొమ్మిది. అందులో కిటికీ తెరవమని ఒకటి, అదే కిటికీ మూయమని ఒకటి, ఊరికే "ఏం చేస్తున్నావ్?" అని ఆరు.

మర్నాడు తొమ్మిదిసార్లే పిలిచాడు. కానీ బండిని రెండుసార్లు పంపాడు. అదీ తప్పే అని తెలుసు. అయినా పంపాడు. ఒకసారి ఆమె నిలబడే తింటోంది, గిన్నెలోంచే. ఇంకోసారి పీట మీద కూర్చుని కుడి మణికట్టుకి మందు రాసుకుంటోంది. రోజూ తనని లేపే చెయ్యి అది. ఆమె బండిని గమనించి, దాని మీద నీళ్ళ సీసా పెట్టి, పిల్లినో కుక్కపిల్లనో అన్నట్టు "పో పో" అంది.

మూడో రోజు బండిని పంపలేదు. పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా పిలవలేదు. మంచినీళ్ళు అయిపోయినా ఊరుకున్నాడు. పన్నెండున్నరకి భార్య తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది? ఒంట్లో బాలేదా?" నుదుటి మీద చెయ్యి పెట్టింది. "పొద్దుట్నుంచి అలికిడే లేదు. ప్రాణం గుభేలుమంది నాకు."

ఇక ఆగలేక చెప్పేశాడు. కన్ను అంటే కెమెరా అని, బొమ్మ ఫోన్లోకి వస్తుందని, పీట మీద కూర్చోవడం చూశానని, గుమ్మం దగ్గర ఆగడం చూశానని. చెప్తున్నంతసేపూ ఆమె చేతి నీళ్ళు దుప్పటి మీద బొట్లుబొట్లుగా పడుతూనే ఉన్నాయి.

"అది కెమెరా అని నాకు మొదటి రోజే తెలుసు" అంది ఆమె చివరికి.

"తెలుసా?"

"పద్నాలుగేళ్ళు అద్దాల మధ్య బతికాను. లెన్సు ఏదో గాజుపెంకు ఏదో తెలీదా నాకు? పనిచేస్తే మీరే చెప్తారు అనుకున్నా. చెప్పలేదు కాబట్టి ఇంకా పనిచెయ్యట్లేదు అనుకున్నా. మిమ్మల్ని నమ్మి దాని ముందు కూర్చున్నా."

"ఇదిగో, నేను..."

"ఈ ఇంట్లో ఈ గది మీది. ఆ మంచం మీది. నేను పడుకునేది కూడా మీరు పిలిస్తే వినపడేంత దూరంలోనే. నాకంటూ ఉన్నది ఆ పీట ఒక్కటే. మొహం సర్దుకోకముందు ఉండటానికి ఆ జానెడు చోటు. అక్కడికీ వచ్చేశారు."

గట్టిగా అనలేదు. అదే అతనికి ఎక్కువ తగిలింది. ఆమె బండిని తీసుకెళ్ళి బీరువా పైన పెట్టేసింది.

రెండు రోజులు మాటల్లేవు. మాత్రలు వేళకి వచ్చాయి, భోజనం వేళకి వచ్చింది, చంకల కింద చేతులు వేళకి వచ్చాయి. నవ్వు మాత్రం రాలేదు. తెచ్చిపెట్టుకున్నది కూడా.

మూడో రోజు బామ్మరిది వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి విషయం కనుక్కున్నాడు.

"అక్కా, బావ ఏదో సరదాకి..."

"నువ్వు నోర్మూసుకో. తెచ్చిచ్చింది నువ్వే కదా."

"సరే, నోరు మూసుకున్నా. ఒక్క మాట చెప్పి మళ్ళీ మూసుకుంటా. ఈ గొడవంతా ఆ గుమ్మం వల్లే. ఆ చెక్క పీకించి, గోడ మూడంగుళాలు కొట్టించేద్దాం. ఒక్కరోజు పని. బావ కుర్చీతో సహా నేరుగా వంటింట్లోకే వచ్చేస్తాడు. కెమెరా ఎందుకు ఇక?"

మెకానిక్ గుమ్మం వైపు చూశాడు. పదకొండు నెలలుగా ఆ మాట కోసమే ఎదురుచూశాడు, నిజానికి.

"వద్దురా" అన్నాడు. "ఆ గుమ్మం అలాగే ఉండనీ."

"అదేంటి బావా?"

"చెప్పాగా, వద్దు."

రెండు రోజుల్లో మొదటిసారి భార్య అతని మొహంలోకి సూటిగా చూసింది.

ఆ సాయంత్రం ఆమె స్టూలెక్కి బండిని కిందకి దించింది. దాని మీద దుమ్ము ఊది, బల్ల మీద పెట్టింది.

"చూపించండి. ఏం కనపడిందో."

"అప్పుడు కనపడింది ఇప్పుడు రాదు. అది దాచుకోదు. ఎదురుగా ఉన్నదే చూపిస్తుంది."

"ఎదురుగా ఉన్నదే చూపించండి మరి."

ఫోన్ ఆమె చేతికిచ్చాడు. ఆమె కళ్ళు చిట్లించింది. ఫోన్ దూరం పెట్టింది, దగ్గర పెట్టింది.

"ఇంత మసగ్గానా? ఈ మసకలో నా మొహం చూసి ఇంత కథ అల్లుకున్నారా?"

"అదింతే. లెన్సు కదలకుండా జిగురు పెట్టి వస్తుంది."

ఆమె లోపలికెళ్ళి చిన్న రేకుపెట్టె తెచ్చింది. దుకాణం మానేసిన రోజు ఇంటికి తెచ్చుకున్న సామాను అది. సన్నటి బ్లేడుతో లెన్సు చుట్టూ ఉన్న జిగురు గీకింది. పట్టకారుతో లెన్సు అంచు పట్టుకుని వెంట్రుకవాసి తిప్పింది. పేపరు నిలబెట్టి, అక్షరాలు చూస్తూ ఇంకొంచెం తిప్పింది. ఊపిరి బిగబట్టి అతను ఆ వేళ్ళని చూస్తున్నాడు. ఇలా ఆమె పనిచేస్తుంటే చూసి ఎన్నాళ్ళైందో. ఫోన్లో పేపరు అక్షరాలు ఒక్కొక్కటే తేటపడ్డాయి.

"ఇప్పుడు చూడండి" అంది. ఆ మాటలో కొంచెం గర్వం ఉంది. వెంటనే గొంతు మార్చింది. "రేపు ఇది నాకు కావాలి. మీరు నన్ను చూశారు కదా. నేను ఒక్కరోజు చూస్తా."

"చూడు. న్యాయమే."

మర్నాడు పొద్దున ఆమె బండిని ముందుగది మూల, మంచం కనిపించేలా పెట్టి, ఫోన్ తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. మెకానిక్ జుట్టు దువ్వుకున్నాడు. ఫోటో దిగేవాడిలా నిటారుగా కూర్చున్నాడు. వంటగదిలో ఆమె పకపకా నవ్వింది. అతనికి వినిపించింది.

కానీ ఎంతసేపని అలా కూర్చుంటాడు? అరగంటకి కెమెరా సంగతి మర్చిపోయాడు. భుజాలు వాలిపోయాయి. కిటికీ లోంచి కాసేపు చూశాడు. రెండుసార్లు "ఇదిగో" అనబోయి, నోరు తెరిచి, మూసుకున్నాడు. కాళ్ళ వైపు చాలాసేపు చూసి, పిడికిలితో తొడ మీద ఒక్కటి గుద్దుకున్నాడు.

పీట మీద కూర్చుని ఉన్న ఆమె ఫోన్‌ని దగ్గరికి తీసుకుంది.

అతను మంచం అంచుకి వంగి, కింద చెయ్యి పెట్టి వెతికాడు. చెక్క పలక లాగాడు. దాని మీది దుమ్ము చొక్కాతో తుడిచాడు. కుర్చీని దగ్గరికి లాక్కుని బ్రేకు వేశాడు. పలక ఒక చివర తొడ కిందకి తోసి, రెండు చేతులూ ఆనించి, ఒళ్ళంతా పైకెత్తి, బెత్తెడు జరిగాడు. ఆగాడు. మళ్ళీ బెత్తెడు. మెడ మీద నరాలు ఉబ్బాయి. పలక మధ్యకి వచ్చాక ఒళ్ళు ఎడమకి ఒరిగింది.

వంటగదిలో ఆమె ఒక్క ఉదుటున లేచి నిలబడింది. గుమ్మం నాలుగడుగుల దూరం. మంచం ఇంకో పది. పరిగెత్తితే పడేలోపు పట్టుకోవచ్చు. ఆమె గట్టు అంచుని పట్టుకుంది. వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది. వెళ్ళలేదు.

ఫోన్లో అతను కిటికీ ఊచ అందుకున్నాడు. ఒరిగిన ఒళ్ళు నెమ్మదిగా నిటారుగా వచ్చింది. ఏదో తిట్టాడు, లిఫ్టులని తిట్టే తిట్టే అయ్యుంటుంది. మళ్ళీ బెత్తెడు. ఇంకో బెత్తెడు. కుర్చీలో పడ్డాడు. పడ్డాడనే అనాలి, కూర్చున్నాడని అనలేం. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, చాలాసేపు రొప్పాడు.

కాసేపటికి కుర్చీ చక్రాల చప్పుడు దగ్గరికొచ్చింది. వంటగది గుమ్మం చెక్కకి చక్రాలు ఆనాయి. అతను లోపలికి తొంగి చూడకుండా, చెక్క మీద వేళ్ళతో టకటకా కొట్టాడు.

"రావచ్చా?"

"అంతకంటే ఎలాగూ రాలేరుగా. చూడండి" అంది ఆమె.

తల తిప్పి చూశాడు. ఆమె మొహం తుడుచుకోలేదు.

"చూశావా?"

"చూశా."

"ఒరిగిపోయాను కూడా చూశావా?"

"చూశా."

"మరి రాలేదేం?"

"మీరు పిలవలేదుగా."

అతను నవ్వబోయాడు. నవ్వు ఎటో వెళ్ళిపోయి ఏడుపొచ్చింది. గుమ్మానికి ఇవతల అతను, అవతల ఆమె, ఇద్దరూ కాసేపు సిగ్గు లేకుండా ఏడ్చారు. ఆ తర్వాత ఆమె టీ పెట్టింది. పీట గుమ్మం దగ్గరికి లాక్కుని, అతని కుర్చీకి ఎదురుగా కూర్చుని తాగింది.

అన్నీ ఒక్కరోజులో చక్కబడలేదు. పలక మీంచి అతను ఆ తర్వాత ఇంకో రెండుసార్లు పడ్డాడు. ఒకసారి మోచెయ్యి చీరుకుపోయింది. పిలుపులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. అలవాటు కదా. ఆమెకి కోపం వచ్చిన రోజు ఇప్పుడు కోపంగానే కనిపించేది. అది అతనికి మొదట్లో కష్టంగా ఉండేది, తర్వాత హాయిగా ఉండేది. బామ్మరిది బండికి చిన్న బజరు బిగించాడు. వంటగది గుమ్మం దగ్గర నత్త ఆగి రెండుసార్లు కుయ్యిమనాలి. లోపలినుంచి "రా" అంటేనే వెళ్ళాలి. "తర్వాత" అంటే వెనక్కి తిరగాలి. తర్వాత అన్న రోజులే ఎక్కువ.

రెండు నెలల తర్వాత కళ్ళజోళ్ళ దుకాణం యజమాని కబురు చేశాడు. సన్నపని చెయ్యగలిగేవాళ్ళు దొరకడం లేదట, పూట పనికైనా రమ్మన్నాడు. ఆమె వారం రోజులు తటపటాయించింది. "పో" అన్నాడు అతను. "పొమ్మంటున్నారా, వెళ్ళమంటున్నారా?" అంది. "రెండూ" అన్నాడు.

మొదటి రోజు దుకాణం నుంచి ఆమె గంటకోసారి ఫోన్ చేసింది. మూడోసారి మోగినప్పుడు అతను కుర్చీలో ఉన్నాడు. ముందుగదిలో ఎత్తు తక్కువ బల్ల మీద బామ్మరిది పెట్టించిన చిన్న పొయ్యి ముందు, చేతిలో గరిటెతో.

"ఏం చేస్తున్నారు?"

"పాలు కాస్తున్నా."

"మీరా? జాగ్రత్త! మంట తగ్గించండి. అంచుల దగ్గర నురగ వచ్చిందా? గిన్నె పట్టుకునేటప్పుడు గుడ్డ..."

"ఇదిగో, పొంగిపోతున్నాయి, ఫోన్ పెట్టెయ్. నేనే చేస్తా తర్వాత."